యాసిడ్ వేసిన నానోట్యూబులు కలిపాక ఎపాక్సీ బలం తగ్గుతోంది: ఎక్కడ చూడాలి?

గిండీగ్రాఫైట్ (చెన్నై)

అందరికీ నమస్కారం. పద్ధతి మొత్తం రాస్తున్నాను, తప్పెక్కడుందో చెప్పండి.

మల్టీవాల్ (ఒకదానిలో ఒకటి అమరిన గోడలున్న) కార్బన్ నానోట్యూబులు. వ్యాసం 10–20 నానోమీటర్లు, పొడవు 10–30 మైక్రాన్లు, ప్యూరిటీ 95 శాతం అని డబ్బా మీద ఉంది. 1 గ్రాముకి గాఢ సల్ఫ్యూరిక్ 75 మి.లీ., గాఢ నైట్రిక్ 25 మి.లీ., 70 డిగ్రీల దగ్గర 6 గంటలు. తర్వాత పీహెచ్ 6 దాకా నీళ్లతో కడిగి, 100 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఆరబెట్టి, కల్వంలో నూరాను. ఆ పొడి అసిటోన్‌లో వేసి బాత్ సోనికేటర్‌లో (అల్ట్రాసౌండ్ తొట్టి) గంట. దాన్ని ఎల్‌వై 556 అనే ఎపాక్సీ రెసిన్‌లో పోసి 80 డిగ్రీల హాట్‌ప్లేట్ మీద తిప్పుతూ అసిటోన్ పోగొట్టాను. హార్డెనర్ హెచ్‌వై 951, రెసిన్ నూటికి 10 పాళ్లు. గది ఉష్ణోగ్రతలో 24 గంటలు.

0.5 శాతం నానోట్యూబులున్న నమూనాల టెన్సైల్ స్ట్రెంత్ ఉత్త రెసిన్ కంటే తక్కువ వస్తోంది. టీజీ (రెసిన్ గాజు గట్టితనం వదిలి మెత్తబడే ఉష్ణోగ్రత) 8 డిగ్రీలు పడిపోయింది. ఎఫ్‌టీఐఆర్‌లో (పరారుణ వర్ణపటం) 1720 దగ్గర, యాసిడ్ అతికించే కార్బాక్సిల్ గ్రూపు గీత స్పష్టంగానే ఉంది, రామన్ వర్ణపటంలో గోడల లోపాలను చూపే డీ/జీ నిష్పత్తి కూడా పెరిగింది. అంటే గ్రూపులు పట్టుకున్నట్టే కదా? మరి బలం ఎందుకు రాదు?

బెంజీన్_బామ్మ (బెంగళూరు)

గ్రూపులు పట్టుకున్నాయి, సరే. దేనికి పట్టుకున్నాయి? ముందు అది తేలాలి నాయనా.

సల్ఫ్యూరిక్–నైట్రిక్ 3:1 మిశ్రమం 70 డిగ్రీల దగ్గర 6 గంటలుంటే ట్యూబు గోడల్ని కొరికేస్తుంది. ఊడిన ముక్కలు చిన్న చిన్న పాలీఆరోమాటిక్ ఆమ్లాలు. అవి నీళ్లతో కడిగితే పోవు, ట్యూబు గోడకి అతుక్కుని కూర్చుంటాయి. మీ 1720 గీతలో పెద్ద భాగం ఈ తుక్కుదే అయ్యుండొచ్చు. రెసిన్ ఈ తుక్కుని పట్టుకుంటుంది, తుక్కు ట్యూబుని గట్టిగా పట్టుకోదు. లోడు పడగానే జారేది అక్కడే.

పరీక్ష తేలిక. కడిగిన ట్యూబుల్ని 0.01 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో, గ్రాముకి 200 మి.లీ. చొప్పున, గంటసేపు తిప్పి వడకట్టండి. దిగిన నీళ్లు టీ రంగులో ఉంటే తుక్కు ఉన్నట్టే. రంగు ఆగేదాకా అలాగే కడగండి. ఆ తర్వాత 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్‌తో ఒకసారి తిప్పాలి, లేకపోతే కార్బాక్సిల్స్ అన్నీ సోడియం లవణంగా మిగిలిపోతాయి. చివర మళ్లీ నీళ్లు. వడపోత నీళ్లలో రెండు చుక్కలు సిల్వర్ నైట్రేట్ వేస్తే తెల్లబడకూడదు, అప్పటిదాకా కడగాల్సిందే.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. క్షారంలో ట్యూబులు బాగా విడిపోతాయి కాబట్టి మెంబ్రేన్ పూడుకుపోయి వడపోత నత్తనడక నడుస్తుంది. సెంట్రిఫ్యూజ్ ఉంటే ఈ ఒక్క అంచెకీ అదే వాడండి.

ఆక్సీకరణ దశని నేనైతే ఇలా మారుస్తాను: అదే 3:1 మిశ్రమం, కానీ 40–50 డిగ్రీలు, 2 నుంచి 3 గంటలు, బాత్ సోనికేటర్‌లో. ముందు నైట్రిక్‌ని ఐసులో పెట్టి అందులోకి సల్ఫ్యూరిక్‌ని నెమ్మదిగా పోయాలి. అయ్యాక మొత్తాన్ని 500 మి.లీ. ఐసు నీళ్లలోకి ఒంపండి, ఫ్లాస్కులోకి నీళ్లు పోయకండి. రాత్రి నిలవుంచి పైతేట తీసేస్తే కడిగే పని సగమవుతుంది. మెంబ్రేన్ 0.22 మైక్రాన్ హైడ్రోఫిలిక్ పీటీఎఫ్‌ఈ అయితే మంచిది. నైలాన్ మెంబ్రేన్ ఈ ఆమ్లానికి కరిగిపోతుంది, సెల్యులోజ్‌వీ నిలవవు.

అన్నిటికంటే ముఖ్యమైనది: ఆమ్లం పూర్తిగా పోకముందే త్వరగా ఆరుతుందని అసిటోన్‌తో గానీ ఆల్కహాల్‌తో గానీ కడగొద్దు. గాఢ నైట్రిక్, అసిటోన్ కలిస్తే వేడెక్కి పొంగి మంట అంటుకుంటుంది. ఫిల్టర్ ఫ్లాస్కు అడుగున మిగిలిన ఆమ్లంలోకి అసిటోన్ దిగినా అంతే. ఫ్లాస్కు మార్చాకే ద్రావణి పోయాలి.

త్రీరోల్ (చెన్నై)

బామ్మగారు చెప్పిన రసాయనం సరే. నా ఉద్దేశంలో ఇక్కడ అసలు దెబ్బ ఆరబెట్టే దగ్గర తగిలింది. కార్బాక్సిల్ ఉన్న ట్యూబుల్ని నీటి నుంచి నేరుగా 100 డిగ్రీల దగ్గర ఆరబెడితే కేశికాపీడనం వాటిని ఒకదానికొకటి లాగేస్తుంది, హైడ్రోజన్ బంధాలు బిగిస్తాయి, చివరికి పిడకలా గట్టిపడుతుంది. కల్వంలో ఎంత నూరినా పదుల మైక్రాన్ల గడ్డలే మిగులుతాయి. తర్వాత బాత్ సోనికేటర్ ఎంతసేపు తిప్పినా అవి విడిపోవు. ఆ సైజు గడ్డ ఎపాక్సీలో పగులు మొదలయ్యే చోటు. బలం తగ్గిందంటే ఆశ్చర్యమేముంది?

దారి ఏమిటంటే, అసలు ఆరబెట్టకండి. వడపోత మీద తడి ముద్దగా ఉండగానే, ఆమ్లం లేదని తేలాక, అసిటోన్‌తో మూడు నాలుగు సార్లు మార్చి నీటిని తోసేయండి. ఆ ముద్దని గట్టి మూత సీసాలో ఉంచండి. అందులో ఘనపదార్థం ఎంతో తెలియాలి కాబట్టి 1 గ్రాము ముద్ద తీసి 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూచండి. 6 శాతం వస్తే, 0.5 గ్రాముల ట్యూబులకి 8.3 గ్రాముల ముద్ద. పొడే కావాలంటే ఫ్రీజ్ డ్రయర్ ఒక్కటే.

విడదీయడానికి ప్రోబ్ సోనికేటర్ కావాలి. 20 కిలోహెర్ట్జ్, 13 మి.మీ. కొన. యంత్రం మీద రాసిన 500 వాట్లు, 750 వాట్లు ద్రవంలోకి దిగే శక్తి కాదు. 200 మి.లీ. నీళ్లు పోసి ఒక నిమిషం నడిపి ఉష్ణోగ్రత చూడండి. 2.9 డిగ్రీలు పెరిగితే సుమారు 40 వాట్లు దిగుతున్నట్టు. అదే సెట్టింగ్‌లో 200 మి.లీ. అసిటోన్‌లో 0.5 గ్రాములకి 30 నిమిషాలు ఆన్ టైమ్, 2 సెకన్లు ఆన్, 2 సెకన్లు ఆఫ్, ఐసు బాత్‌లో. మొత్తం 72 కిలోజౌళ్లు. పేపర్లో రాసేటప్పుడు నిమిషాలు కాదు, ఈ అంకె రాయండి. అసిటోన్ ఫ్లాష్ పాయింట్ మైనస్ 20 డిగ్రీలు, కాబట్టి ఫ్యూమ్ హుడ్ బయట ఈ పని వద్దు. కొన అంచు గుంటలు పడి ఉంటే మార్చండి, టైటానియం పొడి మీ నమూనాలోకి వస్తుంది.

గిండీగ్రాఫైట్

ప్రోబ్ ఇంకా ఎక్కువసేపు నడిపితే ఇంకా బాగా విడిపోతాయి కదా అని మా ల్యాబులో ఒక వాదన ఉంది. గంటన్నర పెట్టమంటున్నారు.

త్రీరోల్

విడిపోతాయి, కానీ తెగుతాయి కూడా. ఎంత తెగితే నష్టమో ఒక లెక్క వేసుకోవచ్చు.

ట్యూబు తన పూర్తి బలాన్ని మ్యాట్రిక్స్ (చుట్టూ ఉన్న రెసిన్) నుంచి అందుకోవాలంటే కనీసం ఇంత పొడవుండాలనే క్రిటికల్ లెంగ్త్ ఉంది: ట్యూబు బలాన్ని వ్యాసంతో గుణించి, అంతర్‌తలపు (ట్యూబు, రెసిన్ కలిసే చోటి) షియర్ బలానికి రెట్టింపుతో భాగించాలి. ట్యూబు బలం 30 గిగాపాస్కల్స్, వ్యాసం 15 నానోమీటర్లు, అంతర్‌తలం 50 మెగాపాస్కల్స్ అనుకుంటే 4.5 మైక్రాన్లు. రసాయన బంధం వల్ల అంతర్‌తలం 100కి పెరిగితే 2.25 మైక్రాన్లు చాలు.

అంటే ఫంక్షనలైజేషన్ (ట్యూబు మీద గ్రూపులు పెట్టడం) ఒక చేత్తో కావలసిన పొడవుని తగ్గిస్తోంది, మరో చేత్తో ఉన్న పొడవుని కోసేస్తోంది. 6 గంటల యాసిడ్, ఆ పైన గంటన్నర ప్రోబ్ అయ్యాక ట్యూబులు మైక్రాన్ లోపుకి దిగితే లాభం ఏమీ మిగలదు. మల్టీవాల్‌లో మరో తిరకాసు కూడా ఉంది: రెసిన్ పట్టుకునేది బయటి గోడనే, లోపలి గోడలు ఒరలో కత్తిలా జారతాయి. అందుకే 30 గిగాపాస్కల్స్ మొత్తం అడ్డుకోతకి అన్వయించడం ఉదారంగా వేసిన లెక్క.

ద్రావణి లేని దారి త్రీ రోల్ మిల్లు. హాంబుర్గ్-హార్బుర్గ్ టెక్నికల్ యూనివర్సిటీ వాళ్లు 2004 ప్రాంతంలో ఎపాక్సీలో నానోట్యూబుల మీద చేసిన పని దీనితోనే పేరు తెచ్చుకుంది. మూడు రోలర్ల వేగాల నిష్పత్తి 1:3:9. రోలర్ల మధ్య సందు 120 మైక్రాన్లతో మొదలుపెట్టి 40, 13, చివరికి 5 దాకా దించుతాం. 5 దగ్గర మూడు నాలుగు పాస్‌లు. అసిటోన్ బెడద లేదు, పొడవు కూడా ప్రోబ్ కంటే ఎక్కువ నిలుస్తుంది. పెయింట్, ఇంకు తయారుచేసే చోట్ల ఈ మిల్లులుంటాయి గానీ రోలర్ల పిగ్మెంట్ పూర్తిగా పోదు. ముందు ఉత్త రెసిన్‌ని రెండు మూడు పాస్‌లు తిప్పి పారేయాలి. హార్డెనర్ మాత్రం మిల్లులో ఎప్పుడూ కలపకూడదు.

పీణ్యా_లేయప్ (బెంగళూరు)

టీజీ పడిపోవడం సంగతి ఎవరూ ముట్టుకోలేదు. అది ట్యూబుల తప్పు కాదు, అసిటోన్.

80 డిగ్రీల హాట్‌ప్లేట్ మీద మాగ్నెటిక్ బిళ్ల తిరిగితే పైన బుడగలు ఆగుతాయి, మనం అసిటోన్ పోయిందనుకుంటాం. చిక్కటి రెసిన్ అడుగున ఇంకా 1–2 శాతం ఉంటుంది. ఖాళీ బీకరు బరువు, రెసిన్ బరువు, ట్యూబుల బరువు ముందే రాసి పెట్టుకుని, 100 గ్రాముల రెసిన్‌కి తేడా 0.1 గ్రాము లోపుకి వచ్చేదాకా 80 డిగ్రీల వాక్యూమ్ ఓవెన్‌లో ఉంచండి. గంటకోసారి తీసి గాజు కడ్డీతో కలపాలి, లేకపోతే పైన పొర కట్టి లోపలిది బయటికి రాదు.

అసిటోన్ ప్లాస్టిసైజర్‌గా టీజీని దించడం ఒక్కటే కాదు. అది హార్డెనర్‌లోని ప్రైమరీ అమీన్‌తో కలిసి కీటిమీన్ అవుతుంది. లెక్క చూడండి: 1 గ్రాము అసిటోన్ అంటే 17 మిల్లీమోల్స్. 10 గ్రాముల హెచ్‌వై 951, అంటే ట్రైఇథిలీన్ టెట్రమీన్, 68 మిల్లీమోల్స్, అందులో ప్రైమరీ అమీన్లు 137. అంటే ఆ ఒక్క గ్రాము మీ ప్రైమరీ అమీన్లలో ఎనిమిదో వంతుని కట్టిపడేయగలదు.

ఇక నూటికి 10 అనే పాళ్లు. ఎల్‌వై 556 ఎపాక్సీ ఈక్వివలెంట్ (ఒక మోల్ ఎపాక్సీ గ్రూపులున్న రెసిన్ గ్రాములు) సుమారు 187, ట్రైఇథిలీన్ టెట్రమీన్ అమీన్ హైడ్రోజన్ ఈక్వివలెంట్ 24.4. లెక్క ప్రకారం నూటికి 13 రావాలి. షాపుల్లో 10–12 వాడతారు, అది అలవాటు. 10 పెట్టి, అందులో కొంత అసిటోన్‌కి పోతే, క్రాస్‌లింకింగ్ కొరతపడుతుంది. ఉత్త రెసిన్ నమూనా కూడా అసిటోన్ పోసి, అదే సోనికేషన్, అదే వాక్యూమ్ చేసి పోయాలి. లేకపోతే మీ పోలిక ట్యూబులున్న రెసిన్‌కీ లేని రెసిన్‌కీ మధ్య కాదు, అసిటోన్ తాగిన రెసిన్‌కీ తాగని రెసిన్‌కీ మధ్య.

24 గంటలు గదిలో ఉంచి టీజీ కొలవడంలో కూడా అర్థం లేదు. క్యూర్ ఉష్ణోగ్రతకి కొంచెం పైదాకా టీజీ వచ్చాక రెసిన్ గాజులా బిగుసుకుని చర్య ఆగిపోతుంది. అంటే మీరు కొలుస్తున్నది ఆ రోజు గది వేడిని. 24 గంటల తర్వాత 80 డిగ్రీల దగ్గర 4 గంటలు పోస్ట్ క్యూర్ చేయండి. నిమిషానికి 1–2 డిగ్రీల చొప్పున ఎక్కించాలి.

చెన్నై వాళ్లకి ప్రత్యేకం: హెచ్‌వై 951 గాలిలో తేమనీ కార్బన్ డయాక్సైడ్‌నీ పీల్చి తెల్లటి కార్బమేట్ కడుతుంది. మూత దగ్గర తెల్లపొడి కనిపించిన సీసా పక్కన పెట్టేయండి. 35 డిగ్రీల గదిలో 100 గ్రాములు ఒకే కప్పులో కలిపితే పావుగంట దాటకుండానే పొగలొస్తాయి. ట్యూబులు కలిపిన రెసిన్ ముందే వేడిగా ఉంటుంది, కాబట్టి 25కి చల్లబరిచి, 40 గ్రాముల చొప్పున వెడల్పు గిన్నెలో కలపండి.

బెంగళూరు వాళ్లకి ఇంకోటి. వాక్యూమ్ గేజి 685 మి.మీ. దగ్గర ఆగిపోయిందని పంపు లీకనుకుని విప్పేవాళ్లున్నారు. ఊరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు, ఇక్కడి గాలి పీడనమే అంత. డయల్ గేజికి పూర్తి వాక్యూమ్ అంటే ఇక్కడ 685, చెన్నైలో 760.

గిండీగ్రాఫైట్

చాలా థాంక్స్ అండి. ఒక సందేహం. కార్బాక్సిల్ ట్యూబులు, లేదా రేపు అమీన్ పెట్టిన ట్యూబులు వేస్తే హార్డెనర్ పాళ్లు తగ్గించాలా? రెండూ చూశాను పేపర్లలో.

పీణ్యా_లేయప్

అక్కర్లేదు. 100 గ్రాముల రెసిన్‌లో ఎపాక్సీ 535 మిల్లీమోల్స్. 0.5 గ్రాము ట్యూబుల మీద గ్రాముకి 0.5 మిల్లీమోల్ అమీన్ ఉందనుకున్నా మొత్తం 0.25 మిల్లీమోల్. హార్డెనర్ తూచే త్రాసు లోపమే దానికంటే ఎక్కువ. కడగకుండా మిగిలిన అమీన్ ఉంటే వేరే మాట. అది ట్యూబు మీదిది కాదు, మురికి.

బెంజీన్_బామ్మ

కార్బాక్సిల్ గురించి అందరూ నమ్మే ఒక మాట ఇక్కడే తేల్చేద్దాం. కార్బాక్సిల్, ఎపాక్సీ కలిసి ఎస్టర్ అవుతాయని ప్రతి థీసిస్‌లో బొమ్మ గీస్తారు. ఆ చర్య ఉత్ప్రేరకం ఉంటే 100–120 డిగ్రీల దగ్గర, లేకపోతే ఇంకా పైన సాగుతుంది. గది ఉష్ణోగ్రతలో ట్రైఇథిలీన్ టెట్రమీన్ ఎదురుగా ఉంటే కార్బాక్సిల్ ముందు అమీన్‌తో లవణమవుతుంది. అది అయానిక్ బంధం, అంతే. కాబట్టి మీ పద్ధతిలో కార్బాక్సిల్ చేసే సాయం రెసిన్‌లో విడివిడిగా నిలబెట్టడం వరకే. బంధం కావాలంటే రెండే మార్గాలు: క్యూర్ మార్చాలి, లేదా ట్యూబు మీద గ్రూపుని మార్చాలి.

త్రీరోల్

విడివిడిగా నిలబెట్టడమే సగం కంటే పెద్ద పని అని నా వాదన. గడ్డలున్న చోట ఏ బంధం పెట్టినా వృథా.

బెంజీన్_బామ్మ

కాదన్నానా? ముందు మీ పని, తర్వాత నా పని. కానీ విడదీయడం అయ్యాక కూడా లోడు దాటాలిగా.

గిండీగ్రాఫైట్

మరి అమీన్ పెట్టాలంటే థయోనైల్ క్లోరైడ్ దారేనా? మా గైడు అదే చెప్తున్నారు.

బెంజీన్_బామ్మ

పాత దారి, నడుస్తుంది, కానీ తలనొప్పి ఎక్కువ. వివరంగా రాస్తాను, తర్వాత మీ ఇష్టం.

0.5 గ్రాము కార్బాక్సిల్ ట్యూబులు. ఈ ఒక్క దారిలో మాత్రం ఎండు పొడే కావాలి, తడి ముద్ద పనికిరాదు. ఫ్రీజ్ డ్రై చేసి 80 డిగ్రీల వాక్యూమ్‌లో ఉంచింది తీసుకోండి. థయోనైల్ క్లోరైడ్ 25 మి.లీ., డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్) అర మి.లీ., 70 డిగ్రీల దగ్గర 24 గంటలు. పైన కాల్షియం క్లోరైడ్ గార్డ్ ట్యూబు, అక్కడి నుంచి ఖాళీ ట్రాప్, దాని తర్వాత సోడియం హైడ్రాక్సైడ్ ట్రాప్. బయటికొచ్చేవి సల్ఫర్ డయాక్సైడ్, హైడ్రోజన్ క్లోరైడ్. ఖాళీ ట్రాప్ లేకపోతే చల్లబడగానే క్షారం వెనక్కి లాక్కుని థయోనైల్‌లో పడుతుంది, అది పేలుడుతో సమానం. మిగిలింది డిస్టిల్ చేసి తీసేసి, నీరులేని టీహెచ్‌ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్) ద్రావణితో త్వరత్వరగా కడిగి, గాలి తగలనీయకుండా ఇథిలీన్‌డైఅమీన్ 50 మి.లీ.లోకి వేయాలి. 100 డిగ్రీలు, 24 గంటలు.

ఏం చెడుతుంది? ఒకటి, చెన్నై గాలి తేమకి యాసిడ్ క్లోరైడ్ తిరిగి కార్బాక్సిల్ అయిపోతుంది. రెండు, డైఅమీన్‌కి రెండు చేతులు, రెండు ట్యూబుల్ని పట్టుకుని కట్ట కట్టేస్తుంది. అందుకే అంత ఎక్కువ అమీన్. మూడు, డీఎంఎఫ్, థయోనైల్ కలిస్తే కొద్దిగా డైమిథైల్ కార్బమోయిల్ క్లోరైడ్ పుడుతుంది, క్యాన్సర్ కారకం. ఇక థయోనైల్ రసాయన ఆయుధాల ఒప్పందం మూడో షెడ్యూలులో ఉన్న సరుకు, అమ్మేవాళ్లు ఎందుకు వాడుతున్నారో రాసివ్వమంటే విసుక్కోకండి.

అమైడ్ వచ్చిందని చెప్పే ముందు ఒక నిజం గుర్తుంచుకోండి. అమైడ్ రెండో గీత 1550 దగ్గర, కార్బాక్సిలేట్ లవణం 1560–1580 దగ్గర. ఎఫ్‌టీఐఆర్‌లో రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్‌తో తిప్పి కడగండి. లవణమైతే అమీన్ కొట్టుకుపోతుంది, అమైడ్ నిలుస్తుంది. తర్వాత పలచటి క్షారంతో కడిగి అమీన్‌ని స్వేచ్ఛగా వదలండి, మళ్లీ నీళ్లు, అప్పుడు నిన్‌హైడ్రిన్ పరీక్ష. నీలం రంగు 570 నానోమీటర్ల దగ్గర కొలిస్తే గ్రాముకి ఎన్ని మైక్రోమోల్స్ ప్రైమరీ అమీన్ ఉందో తెలుస్తుంది.

నేను మెచ్చే దారి వేరే. థయోనైల్ అక్కర్లేదు, అమీన్ అక్కర్లేదు, రెసిన్‌నే ట్యూబుకి అంటుకట్టడం. క్షారంతో కడిగిన కార్బాక్సిల్ ట్యూబులు 1 గ్రాము (అసిటోన్ ముద్దగా, ఘనపదార్థం లెక్కగట్టి), ఎల్‌వై 556 రెసిన్ 40 గ్రాములు. ప్రోబ్ చేసి, లేయప్ గారు చెప్పినట్టు అసిటోన్ పూర్తిగా తీసేయండి. ట్రైఫినైల్ ఫాస్ఫీన్ 0.05 గ్రాము. నైట్రోజన్ కింద 110 డిగ్రీల దగ్గర 4 గంటలు గట్టిగా తిప్పాలి. ఇక్కడ ఎస్టర్ నిజంగా ఏర్పడుతుంది, ట్యూబు మీద ఎపాక్సీ చివరలు తేలతాయి. ఈ 2.5 శాతం మాస్టర్ ముద్దని తాజా రెసిన్‌తో ఐదు రెట్లకి పలచన చేస్తే 0.5 శాతం.

ఫాస్ఫీన్ ఎక్కువేస్తే, వేడి 130 దాటితే రెసిన్ తనలో తానే కలిసి చిక్కబడుతుంది. చర్యకి ముందూ తర్వాతా ఎపాక్సీ ఈక్వివలెంట్ టైట్రేషన్ చేసి చూడండి. 187 ఉన్నది 195 దాటితే వేడి తగ్గించాలి. ఉత్త రెసిన్ నమూనాలో కూడా అంతే ఫాస్ఫీన్ వేసి అదే వేడి చూపించాలి, పోలిక నిలవాలంటే. గ్రాఫ్ట్ అయిందో లేదో తేలాలంటే కొద్దిగా ముద్ద తీసి అసిటోన్‌తో వడపోతలో రెసిన్ జాడ పోయేదాకా కడిగి టీజీఏ (వేడిచేస్తూ బరువు తగ్గుదల తూచే పరీక్ష) చేయించండి.

ట్యూబులు తెగకుండా ఉండాలనుకునేవాళ్లకి డయాజోనియం దారి ఉంది: ఐసోఅమైల్ నైట్రైట్‌తో అనిలీన్ తరహా అమీన్‌ని ట్యూబుల సమక్షంలోనే 60 డిగ్రీల దగ్గర డయాజోనియంగా మార్చడం. గోడని కోయదు, గోడ మీద అతుకుతుంది. పారా-ఫినైలీన్ డైఅమీన్ వాడితే ట్యూబు మీద ఆరోమాటిక్ అమీన్ మిగులుతుంది. అది గది ఉష్ణోగ్రత క్యూర్‌లో మందకొడి, హెచ్‌టీ 972 వంటి హార్డెనర్‌తో చేసే వేడి క్యూర్‌కి సరిజోడు. డయాజోనియం లవణాన్ని మాత్రం విడిగా తీసి ఆరబెట్టొద్దు, పేలుతుంది.

టీజీ_సెకండ్‌హీట్ (బెంగళూరు)

కొలతల మాట. టీజీఏ నైట్రోజన్‌లో, నిమిషానికి 10 డిగ్రీలు, 110 దగ్గర అరగంట ఆపి తేమ పోయాక మొదలైన బరువునే 100గా తీసుకోండి. 150–600 మధ్య 4.5 శాతం పోయి, అదంతా కార్బాక్సిలే అనుకుంటే గ్రాముకి 1 మిల్లీమోల్. అది పైహద్దు, ఎందుకంటే ఫినాల్, కీటోన్, తుక్కు అన్నీ అందులోనే పోతాయి.

నిజమైన అంకె టైట్రేషన్‌తో వస్తుంది. 0.2 గ్రాము ట్యూబులు, 0.01 మోలార్ సోడియం బైకార్బనేట్ 25 మి.లీ., 24 గంటలు షేకర్ మీద. వడకట్టి 10 మి.లీ. తీసి, ఎక్కువగా హైడ్రోక్లోరిక్ పోసి, నైట్రోజన్ బుడగలతో కార్బన్ డయాక్సైడ్ పోగొట్టి, సోడియం హైడ్రాక్సైడ్‌తో వెనక్కి టైట్రేట్ చేయండి. ట్యూబులు లేని సీసా ఒకటి పక్కనే నడవాలి. తుక్కు కడగక ముందు, కడిగాక రెండు అంకెలూ తీస్తే బామ్మగారి మాట ఎంత నిజమో మీకే తెలుస్తుంది.

రామన్ ఒకే చోట తీసి నిష్పత్తి రాయొద్దు. కనీసం 5 చోట్ల, లేజర్ పవర్ తక్కువగా. ఎక్కువైతే నల్లటి పొడి కాలి గీత జరుగుతుంది.

టెన్సైల్ స్ట్రెంత్ అనేది పెళుసు ఎపాక్సీలో బుడగల కొలత, అచ్చు అంచుల కొలత. ట్యూబుల ప్రభావం చూడాలంటే ఏఎస్‌టీఎం డీ5045 ప్రకారం ఫ్రాక్చర్ టఫ్‌నెస్ తీయండి. గాడి చివర కొత్త బ్లేడుతో తట్టి సహజమైన పగులు మొదలుపెట్టాలి. బ్లేడుని రంపంలా లాగితే మొన మొద్దుబారి అంకె అబద్ధంగా పెరుగుతుంది. ఉత్త ఎపాక్సీకి మామూలుగా 0.5–0.8 మెగాపాస్కల్ రూట్ మీటర్ వస్తుంది. 1.2 వచ్చిందంటే సంబరపడకముందు పగులు మొన మైక్రోస్కోపులో చూడండి.

బుడగలకి చౌకైన పరీక్ష సాంద్రత. 0.5 శాతం ట్యూబులు కలిపితే 1.160 ఉన్నది 1.162 కావాలి. తగ్గిందంటే ఆ తేడా అంతా గాలే. గడ్డలకి అంతకంటే చౌక: హార్డెనర్ వేయకముందు ఒక చుక్క రెండు గాజు పలకల మధ్య నొక్కి మామూలు మైక్రోస్కోపు కింద చూడండి. 10 మైక్రాన్లు దాటిన నల్లచుక్కలు కనిపిస్తే ఆ బ్యాచ్ పోయకండి.

యంత్రాలు లేనివాళ్లకి: చెన్నైలో ఐఐటీ మద్రాస్ సైఫ్ (పరికరాల కేంద్రం), గిండీలో సిపెట్ (ప్లాస్టిక్స్ సంస్థ), బెంగళూరులో ఐఐఎస్సీ నానో సైన్స్ సెంటర్ బయటి శాంపిళ్లు తీసుకుంటాయి. నానోట్యూబుల పొడి అని ఫారంలో ముందే రాయండి.

అంబత్తూర్_కోటింగ్ (చెన్నై)

నాకు బలం వద్దు, యాంటీస్టాటిక్ ఎపాక్సీ ఫ్లోర్ కావాలి. 10 లక్షల నుంచి 100 కోట్ల ఓమ్‌ల మధ్య. దానికీ ఈ యాసిడ్ తతంగం అంతా ఉందా?

త్రీరోల్

వద్దు. ఫంక్షనలైజేషన్ ప్రతి గ్రూపు దగ్గరా గోడలోని కంజుగేషన్‌ని (ఎలక్ట్రాన్లు పారే బంధాల వరుస) తెంచుతుంది, వాహకత పడిపోతుంది. పైగా మరీ బాగా విడిపోయి ఒక్కో ట్యూబు చుట్టూ రెసిన్ కప్పుకుంటే కరెంటు పారే వలయమే ఏర్పడదు. 2003లో వచ్చిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో యాసిడ్ ముట్టని పొడవాటి ట్యూబులతో ఎపాక్సీలో 0.0025 శాతం దగ్గరే వలయం ఏర్పడిందని చూపించారు. షాపులో అంత తక్కువ రాదు గానీ 0.1 నుంచి మొదలుపెట్టండి. ఎన్‌సీ7000 లాంటి ముట్టని రకం, మిల్లు మాస్టర్ బ్యాచ్, తర్వాత నెమ్మదిగా కలపడం. హార్డెనర్ వేశాక హై స్పీడ్ మిక్సర్ వద్దు.

పీణ్యా_లేయప్

పొడి సంచి తెరిచేటప్పుడు ఫ్యాన్ ఆపి, పీ100 మాస్క్ పెట్టుకోండి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 2013లో ఇచ్చిన హద్దు ఘనమీటరు గాలికి 1 మైక్రోగ్రాము, అంటే కంటికి కనిపించేంత దుమ్ము లేచిందంటే ఎప్పుడో దాటిపోయినట్టు. తడి ముద్ద మేలనడానికి ఇది రెండో కారణం. వాడిన ఆమ్లాన్ని సున్నంతో చల్లార్చి, వడపోత కాగితాలు, తుడిచిన గుడ్డలు అన్నీ మూత డ్రమ్ములో హజార్డస్ వేస్ట్‌గా పంపాలి, సింకులో కాదు.

గిండీగ్రాఫైట్

ఇప్పటికే ఓవెన్‌లో గట్టిపడిన పొడి 4 గ్రాములు ఉంది. పనికొస్తుందా? ఇంకో ప్రశ్న: ఈ రెసిన్‌తోనే కార్బన్ ఫైబర్ బట్ట మీద వాక్యూమ్ ఇన్ఫ్యూజన్ (వాక్యూమ్‌తో రెసిన్‌ని బట్టలోకి లాగడం) చేయాలని ఆలోచన.

బెంజీన్_బామ్మ

గట్టిపడిన పొడిని 0.01 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో రాత్రంతా నానబెట్టి, ఐసులో ప్రోబ్ పెట్టి, హైడ్రోక్లోరిక్‌తో తిప్పి, ముద్దగానే ఉంచండి. తుక్కు వదలడం ఎలాగూ చేయాల్సిన పనే. చుక్క పరీక్షలో గడ్డలు పోకపోతే ఆ 4 గ్రాములు టైట్రేషన్ నేర్చుకోవడానికి ఉంచుకోండి, కాంపోజిట్‌లో వేయకండి.

పీణ్యా_లేయప్

ఇన్ఫ్యూజన్‌కి ఎల్‌వై 556 మామూలుగానే మరీ చిక్కన, 25 డిగ్రీల దగ్గర 10,000 మిల్లీపాస్కల్ సెకండ్ పైన. ఇన్ఫ్యూజన్‌కి 300–500 లోపు ఉండాలి. పలచటి రెసిన్ తీసుకున్నా 0.5 శాతం ట్యూబులు కలిపాక నిలిపితే జెల్లీలా నిలబడుతుంది. పైగా బట్ట వడపోత గుడ్డలా పనిచేస్తుంది: ఇన్లెట్ దగ్గర నల్లగా, అవుట్‌లెట్ దగ్గర తేనె రంగులో ప్యానెల్ వస్తుంది. రెండు చివరల నుంచి కోసిన ముక్కల షార్ట్ బీమ్ (పొరల మధ్య షియర్ బలం) అంకెలు కలవవు.

బట్ట మీదే ట్యూబులు వేయండి. బామ్మగారి గ్రాఫ్ట్ ముద్దని అసిటోన్‌లో పలచన చేసి, ఎయిర్ బ్రష్‌తో పొర పొరకీ కొట్టి, 60 డిగ్రీల ఓవెన్‌లో గంట ఆరబెట్టి, బట్ట బరువు తేడాతో ఎంత పడిందో లెక్కగట్టాలి. చదరపు మీటరుకి 0.5 నుంచి 1 గ్రాము ట్యూబులతో మొదలుపెట్టండి. తర్వాత ఉత్త పలచటి రెసిన్ లాగించండి. స్ప్రే బూత్ ఎగ్జాస్ట్‌కి హెపా ఫిల్టర్ ఉండాలి, అసిటోన్ ఆవిరి ఉంటుంది కాబట్టి మోటారు ఫ్లేమ్‌ప్రూఫ్ అయ్యుండాలి.